బావి, బాణం, పుట్టి: బతుకుకు బుద్ధుడు చెప్పిన పోలికలు

పుష్యమాసపు పొద్దు. ఫణిగిరి ఊరు ఇప్పుడిప్పుడే లేస్తోంది. పాలక్యాన్లు బండికి కట్టుకున్న కుర్రాడు మనల్ని దాటి వెళ్లాడు. ఇప్పుడిది సూర్యాపేట జిల్లా నాగారం మండలం, మొన్న మొన్నటి దాకా నల్లగొండ జిల్లా. ఎదురుగా గుట్ట. దూరం నుంచి చూస్తే పడగెత్తిన పాములాగే ఉంది. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో మోళ్లు నిలబడి ఉన్నాయి. అవతల బిక్కేరు వాగు, నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. ఈ వాగు మూసీలో కలుస్తుంది, మూసీ వెళ్లి కృష్ణలో కలుస్తుంది. మనం పోయేది కూడా అటే.

గుట్ట ఎక్కుతున్నాం. బండ ఇంకా చల్లగా ఉంది. పైకి చేరేసరికి గాలి ఒక్కసారిగా ముఖానికి కొట్టింది. కాళ్ల ముందు ఇటుకల వరసలు. పెద్ద స్తూపం చుట్టు, ఒక కొస గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల పునాదులు, భిక్షువులు పడుకున్న గదుల గోడలు, అందరూ కూడి కూర్చున్న మందిరం. 1941-44 మధ్య హైదరాబాదు రాజ్యపు పురావస్తు శాఖ ఇక్కడ తవ్వింది. 2001 నుంచి జరిగిన తవ్వకాల్లో సున్నపురాతి శిల్పాలు, తోరణపు దూలం బయటపడ్డాయి. 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం తొలినాటి భారతీయ బౌద్ధకళ మీద ప్రదర్శన పెట్టినప్పుడు ఈ గుట్ట శిల్పాలు సముద్రం దాటి వెళ్లాయి.

ఇక్కడే ఒక శాసనం దొరికింది. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరంలో ఈ గుట్ట మీద ధర్మచక్రాన్ని నిలబెట్టించారని అందులో ఉంది. సుమారు 1700 ఏళ్ల కిందటి మాట. నిలబెట్టించింది రాజు కాదు, వర్తకుడు కాదు. ఒక ముఖ్య వైద్యుడు.

ఆ వైద్యుణ్ని ఒక్కసారి ఈ రాళ్ల మధ్య నిలబెట్టి చూడండి. జ్వరాలూ పాముకాట్లూ కాన్పులూ చూసిన చేతులు ఆయనవి. బుద్ధుడి బోధ ఆయనకు కొత్త భాషలా తోచి ఉండదు. జబ్బు ఉంది. జబ్బుకు కారణం ఉంది. కారణం పోతే జబ్బు పోతుంది. పోగొట్టే పద్ధతి ఇది. బుద్ధుడి నాలుగు ఆర్యసత్యాలు వరసగా ఇవే, రోగి మంచం పక్కన కూర్చున్న వైద్యుడు అడిగే నాలుగు మాటలే. బౌద్ధ గ్రంథాలు బుద్ధుణ్ని మళ్లీ మళ్లీ వైద్యుడని పిలిచాయి.

మాలుంక్యపుత్రుడనే భిక్షువు ఒకసారి బుద్ధుణ్ని నిలదీశాడు. లోకం శాశ్వతమా కాదా, దానికి అంతు ఉందా లేదా, చెబితేనే నీ దగ్గర ఉంటానన్నాడు. బుద్ధుడు విషబాణం తగిలిన మనిషి సంగతి చెప్పాడు. చుట్టాలు వైద్యుణ్ని పిలుచుకొచ్చారు. గాయపడ్డవాడు మాత్రం, కొట్టినవాడి కులమేమిటి, ఊరేది, పొడుగా పొట్టా, విల్లు ఏ రకం, బాణానికి కట్టిన ఈక ఏ పక్షిది, ఇవన్నీ తేలేదాకా బాణం పీకనివ్వనని మొండికేశాడు. అవేవీ తేలకముందే వాడి ప్రాణం పోతుంది. బతుకు గురించి బుద్ధుడు చెప్పిన పోలికల్లో నాకు అన్నిటికన్నా విలువైనది ఇది. ముందు బాణం పీకు. మిగతాది తర్వాత.

గుట్ట దిగుతున్నాం. తోవలో ఒక ఎడ్లబండి ఎదురైంది. ట్రాక్టర్లు వచ్చాక ఇవి తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. పక్కకు తప్పుకుని, అది దాటాక దుమ్ములోకి చూడండి. ఎద్దు గిట్ట పడ్డ గుర్తు, దాని మీదుగా చక్రం దొర్లిన గీత. ధమ్మపదం మొదటి గాథ చూపించే బొమ్మ ఇదే: మనసు చెడితే దాని ఫలితం మన అడుగు మీదుగానే దొర్లుకుంటూ వస్తుంది. గుట్ట మీద చక్రమే, తోవలో చక్రమే. ఒకటి దారి చూపేది, ఒకటి బరువై వెంటపడేది.

చెలక పక్కన ఆగితే మరో కథ. విత్తనాల రోజుల్లో భారద్వాజుడనే బ్రాహ్మణ రైతు అన్నం పంచుతుంటే బుద్ధుడు భిక్షకు నిలబడ్డాడు. నేను దున్ని విత్తి తింటున్నాను, నువ్వూ దున్ని తిను అన్నాడు రైతు. నేనూ దున్నుతున్నానన్నాడు బుద్ధుడు. శ్రద్ధ విత్తనం, తపస్సు వాన, ప్రజ్ఞ కాడీ నాగలీ, మనసు పగ్గం, ఎరుక కర్రూ ముల్లుగర్రా. తన ముందున్నవాడి చేతిలో ఏ పనిముట్టు ఉందో చూసి ఆ పనిముట్లతోనే మాట్లాడాడు.

ఇంకొకటి కుమ్మరి కుండ. పచ్చిదైనా కాలినదైనా, చిన్నదైనా పెద్దదైనా కుండ చివరికి పగిలేదే, మనిషి బతుకూ అంతేనని బుద్ధుడు అన్నాడు. 2024 మార్చి 29న ఫణిగిరి మట్టిలో ఒక కుండ బయటపడింది. లోపల 3,730 సీసపు నాణేలు, ఒక వైపు ఏనుగు, మరో వైపు ఉజ్జయిని గుర్తు. ఇక్ష్వాకుల కాలంనాటివి. ఎవరో జాగ్రత్తగా మూతపెట్టి దాచారు. తీసుకోవడానికి మళ్లీ రాలేదు. ఇక్కడ కుండే మిగిలింది, కుండను దాచిన చెయ్యి ముందు పోయింది. పోలిక కన్నా నేల ఇంకా గట్టిగా చెప్పిన పాఠం ఇది.

*

ఎండ ఎక్కింది. నల్లగొండ మెట్టల మీదుగా దక్షిణానికి పోతున్నాం. తాటిచెట్లు, కంది చేలు, బత్తాయి తోటలు, మధ్య మధ్య బోడి బండలు. రోడ్డుకు కాస్త లోపల ఒక పాత వ్యవసాయ బావి. దరి మీద నిలబడి తొంగి చూడండి. ముప్పై నలభై అడుగుల లోతు, రాతికట్టు, దిగడానికి గోడకు పొడుచుకొచ్చిన రాళ్లు. ఒకప్పుడు మోట ఆడిన చోట ఇప్పుడు తుమ్మముళ్లు. రాళ్ల సందులోంచి ఒక రావిమొక్క పుట్టి వేళ్లు కిందికి జార్చింది. అడుగున ఎండుటాకులు, చీకటి.

ఇప్పుడు ఆ వేరు పట్టుకుని వేలాడుతున్నది మీరే అనుకోండి. అడవిలో మదపుటేనుగు తరిమితే పరుగెత్తి ఈ బావిలోకి జారారు. పైన ఏనుగు, కదలకుండా నిలబడి ఉంది. నాలుగు పక్కల గోడల్లోంచి నాలుగు పాములు బుసకొడుతున్నాయి. అడుగున నోరు తెరుచుకున్న పెద్ద పాము. చేతిలో ఒక్క వేరు. ఆ వేరును రెండు ఎలుకలు కొరుకుతున్నాయి, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. చెట్టు కదిలి పైనున్న తేనెతుట్టె నుంచి ఒక చుక్క జారి మీ పెదవి మీద పడింది. తియ్యగా ఉంది. నాలుక చాపి ఇంకో చుక్క కోసం చూస్తున్నారు. ఏనుగు, పాములు, ఎలుకలు, ఏదీ గుర్తు లేదు.

ఈ బౌద్ధ కథలో ఏనుగు అనిత్యత. వేరు ఆయుష్షు. ఎలుకలు పగలూ రాత్రీ. నాలుగు పాములు ఒంటిని కట్టిన నాలుగు భూతాలు. అడుగున ఉన్నది చావు. తేనె మన సుఖాలు.

ఇదే కథ మహాభారతం స్త్రీపర్వంలో ఉంది, కొడుకులు పోయి కూలబడ్డ ధృతరాష్ట్రుడికి విదురుడు చెబుతాడు. జైనులూ చెప్పుకున్నారు. బౌద్ధులు దీన్ని చైనాదాకా తీసుకెళ్లారు. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా అరబ్బీలోకి తెచ్చిన పంచతంత్రం, అంటే కలీలా దిమ్నా, ముందుమాటలో చోటు చేసుకుంది. బుద్ధుడి కథే బర్లామ్, జోసఫాత్‌ల కథగా మారి క్రైస్తవ లోకంలో తిరిగినప్పుడు ఈ బావి కూడా వెంట వెళ్లింది. బోధిసత్త్వుడు అక్కడ జోసఫాత్ అనే సాధువయ్యాడు, మన ఏనుగు ఒంటికొమ్ము మృగమైంది. ఇటలీలోని పార్మాలో 13వ శతాబ్దపు జ్ఞానస్నాన మందిరపు ద్వారం మీద ఈ దృశ్యం చెక్కి ఉంది. టాల్‌స్టాయ్ తన బతుకంతా తరచి చూసుకుంటూ రాసిన కన్ఫెషన్‌లో ఈ కథ దగ్గరే ఆగిపోయాడు.

ఇంత దూరం తిరిగిన కథను మన కృష్ణ లోయ శిల్పి కూడా రాతిలో చెక్కాడు. నాగార్జునకొండ శిల్పాల్లో బావిలో మనిషి బొమ్మను డచ్ పండితుడు వోగెల్ గుర్తించి 1937లో వ్యాసం రాశాడు. ఇక్ష్వాకుల కాలంలో ఆ లోయలో నడిచిన పశుల కాపరి, వర్తకుడు, రాణి, చదువు వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఆ బొమ్మ ముందు ఆగి ఉంటారు. బావిలోకి దిగి పూడిక తీసినవాడికి ఆ బొమ్మను ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కథ విన్నవాళ్లు ఎక్కువగా తేనెను తిడతారు. నా మటుకు తప్పు తేనెది కాదు. అలసిన మనిషికి ఒక చుక్క తీపి నేరమెలా అవుతుంది? ఎలుకల చప్పుడు వినిపించకపోవడమే ప్రమాదం. అయితే ఈ కథకు ఒక హద్దు ఉంది. ఇది జబ్బును చూపి ఆగిపోతుంది. పైకెక్కే దారి చెప్పదు. ఆ దారి కోసం మళ్లీ ఫణిగిరి వైద్యుడి నాలుగు మాటల దగ్గరికే రావాలి.

*

ఈ బావి ఎందుకు ఎండింది? దరి మీద మేకలు తోలుకొచ్చిన ముసలాయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. "బోర్లు పడ్డంక బాయిలన్నీ ఎండినయి బిడ్డా."

బోర్లు లోతుకు పోయాయి. నల్లగొండ నేల కింద గ్రానైటు. ఆ రాతిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కరుగుతుంది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పల్లెల్లో తరాల తరబడి ఆ నీళ్లే తాగారు. పిల్లల పళ్లకు గార పట్టింది, పెద్దల కీళ్లు బిగుసుకుపోయాయి, ఎదిగే పిల్లల ఎముకలు వంగిపోయాయి. నడుం వంగిన మనుషులు గడప పట్టుకుని నడవడం ఈ పల్లెల్లో ఎవరికీ కథ కాదు.

వైద్యుడి నాలుగు మాటలు ఇక్కడ పెట్టి చూడండి. బాధ ఉంది; ముందు దాన్ని ఉందని ఒప్పుకోవాలి. కర్మ అనో రాత అనో ఊరుకోకుండా కారణం వెతికితే నీళ్లలో దొరికింది. కారణాన్ని తీసేస్తే కొత్తగా పుట్టే బిడ్డ ఎముక నిటారుగా ఉంటుంది. తీసే దారి ఏది? నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టారు. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అంటుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో మంచినీళ్ల కోసం పోరాడుతున్న జలసాధన సమితి పిలుపుతో నల్లగొండలో 480 మంది అభ్యర్థులు నిలబడ్డారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. దేశం ఉలిక్కిపడి ఇటు చూసింది. ఆ తర్వాత ఏళ్ల పోరాటం మీద కృష్ణ నీళ్లు ఈ పల్లెల నల్లాల్లోకి వచ్చాయి.

దుఃఖం ఉందనడం నిరాశ అని చాలామంది అనుకుంటారు. నల్లగొండ చరిత్ర అందుకు జవాబు. దుఃఖం ఉందని గట్టిగా చెప్పినవాళ్లే, దానికి కారణం అడిగినవాళ్లే, దాన్ని పోగొట్టే దారి వేశారు.

*

ఇక పడమటికి, పాలమూరు వైపు, మక్తల్ దాటి పంచదేవపహాడ్ రేవు. ఇప్పుడు నారాయణపేట జిల్లా. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది ఈ వైపునే. అవతల కర్ణాటక, ఏటి నడుమ దీవి మీద కురువపురం దత్తక్షేత్రం. దత్తావతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభుణ్ని చూడబోయే భక్తులు ఇక్కడ రేవు దాటుతారు.

ఇసుకలో బోర్లించిన పుట్టిని చూడండి. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట, అడుగున నీరు దిగకుండా తారు పూత. కూర్చుంటే మోకాళ్లు గదవకు తగులుతాయి. తెడ్డు ఒక పక్క వేస్తే పుట్టి తిరుగుతుంది, కాస్త ఇటు కాస్త అటు వేస్తేనే ముందుకు పోతుంది. మధ్యకు వచ్చేసరికి నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. కింద లోతెంతో తెలియదు. పక్కన కూర్చున్న ముసలమ్మ కళ్లు మూసుకుని దత్తనామం అనుకుంటోంది.

తెప్ప కథ బుద్ధుడు చెప్పింది ఇలాంటి నీళ్ల గురించే. ఇవతలి ఒడ్డున భయం, అవతలి ఒడ్డున క్షేమం, మధ్య పెద్ద ఏరు. వంతెన లేదు, ఓడ లేదు. బాటసారి గడ్డీ కొమ్మలూ ఆకులూ కట్టి తెప్ప చేసుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తూ దాటాడు. దాటాక, ఇంత మేలు చేసిన తెప్ప కదా అని నెత్తిన పెట్టుకుని పోవాలా? ఒడ్డున వదిలి పోవాలా? నా బోధ కూడా తెప్పే, దాటడానికి, పట్టుకు వేలాడటానికి కాదన్నాడు బుద్ధుడు. అదే ఉపదేశంలో ముందు పాము పోలిక ఉంది. పాముని తోక దగ్గర పడితే తిరిగి కరుస్తుంది, పంగలకర్రతో తల దగ్గర అదిమి పడితే కరవదు. ధర్మాన్నీ అంతే, వాదాలు గెలవడానికి పట్టుకుంటే అదే కాటేస్తుంది.

ఒడ్డు చేరాం. భక్తులు దిగి గుడివైపు నడుస్తున్నారు. వాళ్లకు పుట్టితో పని అయిపోయింది. పుట్టి నడిపే మనిషి మాత్రం దిగలేదు. తెడ్డు తిప్పి మళ్లీ ఇవతలి ఒడ్డుకే బయల్దేరాడు, అక్కడ ఇంకొందరు ఎదురుచూస్తున్నారు. సాయంత్రం పని అయిపోయాక ఆ పుట్టిని నెత్తికెత్తుకుని ఇంటికి పోతాడు. బాటసారికి బుద్ధుడు వద్దన్న పనే ఇది, కానీ ఇతనికి తప్పదు. తాను దాటడం అయిపోయినా ఇతరుల కోసం తిరిగి వచ్చేవాడికి పుట్టి కావాలి. నాగార్జునుడి పేరుతో ముడిపడ్డ మహాయానం బోధిసత్త్వుడని చెప్పింది ఇటువంటి మనిషినే. దాటినవాడు తెప్ప వదలాలి, దాటించేవాడు మొయ్యాలి. రెండూ నిజాలే.

*

మళ్లీ కృష్ణ వెంట దిగువకు, నాగార్జునసాగర్. హిల్‌కాలనీ పక్కన 274 ఎకరాల బుద్ధవనంలో జాతక కథల శిల్పాల మధ్య నడిచి, లాంచీ ఎక్కాం. ఇప్పుడు మన కింద నీళ్లు, నీళ్ల కింద విజయపురి. ఇక్ష్వాకుల రాజధాని, ముప్పైకి పైగా బౌద్ధ ఆరామాలు, ఘాట్లు, వీధులు. 1926లో లోకానికి తెలిసిన ఆ లోయను డ్యాము కోసం వదులుకోవలసి వచ్చింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వి, దొరికినవి నాగార్జునకొండ మీదికి, ఒడ్డునున్న అనుపుకు చేర్చారు. ఊళ్లు లేచిపోయాయి. 1967లో కాలువల్లోకి నీళ్లు వదిలారు.

ఇప్పుడు దీవిగా మారిన ఆ కొండ మీద దిగి, తిరిగి కట్టిన స్తూపాల పునాదుల దగ్గర నిలబడండి. నడుమ కుంభి, అక్కణ్నుంచి ఆకులు, చుట్టూ కమ్మి. అచ్చం బండిచక్రం. ఇక్ష్వాకు రాజవంశపు చాంతిసిరి కట్టించిన మహాచైత్యం అడ్డకొలత 32 మీటర్ల పైచిలుకు, దాని కడుపులోనూ ఇదే అమరిక. ఇటుక ఆకుల మధ్య మట్టి నింపి, పైన గుమ్మటం కప్పి సున్నం పూశారు. మట్టి జారకుండా ఆకులు పట్టి ఉంచుతాయి, ఇటుకా కలిసొస్తుంది. పూర్తయ్యాక చక్రం ఎవరికీ కనిపించదు. కనిపించని ఆ చక్రం చుట్టూ యాత్రికులు ప్రదక్షిణ చేశారు. ధర్మచక్రాన్ని తిప్పడమంటే మనిషి తన కాళ్లతో నడవడమేనని కట్టినవాళ్లకు బాగా తెలుసు.

బుద్ధుడి బోధలో బతుకు నురగ, బతుకు నీటిబుడగ. ఈ లోయ మునిగిపోయిన తీరు చూస్తే ఆ మాట నిజమే. కానీ ఆ నీళ్లే ఎడమ కాలువలో నల్లగొండ పొలాలకు పోతున్నాయి. పోవడం ఒక్కటే అనిత్యత కాదు, మారి ఇంకొకరికి అందడం కూడా.

ఈ పోలికలన్నీ గాలిలోంచి పుట్టలేదు. బావి, బండి, నాగలి, కుండ, పుట్టి, మందు. కష్టం చేసే మనుషుల చేతుల్లోంచి వచ్చినవి, వాళ్ల చేతులకే తిరిగి చెందవలసినవి. పనికి రావడానికే చెప్పినవి. అందుకే నల్లగొండ, పాలమూరు టీచర్లకు నా విన్నపం: పిల్లలను ఫణిగిరి గుట్ట ఎక్కించండి. ఇటుకల మీద పేర్లు చెక్కొద్దని చెప్పండి. ఒక ఎండిన బావి దరి మీద, దూరంగా నిలబెట్టి, బావిలో మనిషి కథ చెప్పండి. చెప్పి ఆపకండి, పైకి ఎలా ఎక్కాలో వాళ్లనే అడగండి. న్యూయార్క్ వాళ్లు వరసకట్టి చూసిన ఫణిగిరి రాళ్లను మన బడిపిల్లలు ఇంకా చూడకపోతే ఆ లోటు తీర్చవలసింది మనమే.